ధాన్యపు రాశుల కాపలాకు బ్యాటరీ విద్యుత్తు

వరికోతలైన పిమ్మట శంకరంపేట ప్రాంతపు రైతులు ధాన్యమును కొనుగోలు కేంద్రమునకు తరలించి, తేమ 17 శాతమునకు దిగి తూకము ముగియువరకు రాశులయొద్దనే రాత్రులు గడపవలసివచ్చుచుండును. అప్పుడు ట్రాక్టరు ట్రాలీయే వారికి ఇల్లు. పురుగు పుట్ర తిరుగు ఆ చీకటిలో దీపమును, ఉక్కకు ఫ్యానును బ్యాటరీ, ఇన్వర్టరుల సాయమున నడుపుకొను విధమును సభ్యులకు వివరించుచున్నాము.

బ్యాటరీ యిచ్చునది 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. దానిని ఇంటి సామానులకు తగిన 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తుగా మార్చునదే ఇన్వర్టరు. అది విద్యుత్తును పుట్టింపదు; పైగా మార్చుటలో నూటికి పదునైదు పాళ్లవరకు తానే వ్యయపరచును.

ట్రాక్టరు బ్యాటరీనే వాడుకొందమని పలువురు తలంతురు. ఇది తగదు. దాని పలకలు పలుచనివి. ఇంజనును లేపుటకై కొన్ని క్షణములు మాత్రమే అధిక ప్రవాహమిచ్చుటకు చేయబడినవి. రాత్రియంతయు తోడివేసినచో తెల్లవారి బండి కదలదు. పలుమారులట్లు చేసిన బ్యాటరీయే చెడును. దళసరి పలకలుగల ఇన్వర్టరు బ్యాటరీని వేరుగా నుంచుకొనవలెను.

ఇక లెక్క. 9 వాట్ల ఎల్‌ఇడి దీపములు రెండు, 50 వాట్ల ఫ్యాను ఒకటి ఎనిమిది గంటలు నడచిన 544 వాట్‌-గంటలగును. రెండు సెల్‌ఫోనులకు 40 చేర్చిన 584. ఇన్వర్టరు తినునది కలుపగా సుమారు 690. 150 ఆంపియర్‌-గంటల బ్యాటరీలో 12 చేత గుణింప 1800 వాట్‌-గంటలుండును. సీసపు బ్యాటరీలో సగమునకు మించి వాడినచో దాని యాయువు తగ్గును గనుక మనకు దక్కునది 900. ఈ పనికది చాలును. 100 ఆంపియర్‌-గంటల బ్యాటరీలో సగము 600 మాత్రమే, అది చాలదు.

ధాన్యము తూర్పారబట్టు యంత్రమును దీనికి తగిలింపరాదు. ఒక హార్స్‌పవరు మోటారు 746 వాట్ల పని చేయును. కదలునప్పుడు అంతకు పలురెట్లు లాగును. చిన్న ఇన్వర్టరు దాని నోపజాలదు.

జాగ్రత్తలు మరువరాదు. 600 వాట్ల పనికి 230 వోల్టుల వైపున మూడు ఆంపియర్లకు లోపే పారును. 12 వోల్టుల వైపున ఏబదికి మించి పారును. సన్నని తీగ కాలి గడ్డికి, గోనెలకు నిప్పంటుకొనును. కావున బ్యాటరీకిని ఇన్వర్టరునకును నడుమ తీగ పొట్టిగను, లావుగను ఉండవలెను. బ్యాటరీ చెంతనే ఫ్యూజు పెట్టవలెను. చార్జి చేయునప్పుడు మండు వాయువు వెడలును గనుక గాలి యాడుచోట నుంచి, బీడీ నిప్పును దరి చేరనీయరాదు. మట్టము తగ్గినప్పుడు డిస్టిల్డు వాటరునే పోయవలెను. ఆసిడు గాని బోరునీరు గాని పోయరాదు. తెల్లవారగనే కరెంటుగలచోట ఐదారు గంటలు చార్జి చేయవలెను. వట్టిపోయిన బ్యాటరీని దినములతరబడి విడిచినచో మరల కోలుకొనదు.

ఒక్కొక్కరు వేరుగా కొనుటకంటె, ప్రక్కప్రక్క రాశులుగల ఇరువురు ముగ్గురు సభ్యులు కూడి ఒక జత కొని, దీపములను పంచుకొని, వంతులవారీగా చార్జి చేయించుకొనుట మేలు. వ్యయము తగ్గును, కాపలాయు కలిసివచ్చును.