సత్తువ ఉన్నా.. ఇంధనం నిండుకుంటే!

* ఆహారం, నీటి లెక్క తప్పి కూలబడిన 'ఐరన్‌మ్యాన్' యోధులు
* లేచి గమ్యం చేరిన తీరులో ఎండదారిన నడిచేవారికీ పాఠం

సారంగాపూర్: బావిలో ఈత, సైకిల్ సవారీ, పొలం గట్ల వెంట పరుగు.. పల్లె యువతకు ఈ మూడూ కొత్త కాదు. వీటిని ఒకదాని వెంట ఒకటిగా ఒకే రోజున పూర్తి చేయవలసిన పోటీయే ట్రయథ్లాన్. అందులో దూరానికి పెట్టింది పేరైన 'ఐరన్‌మ్యాన్'లో 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైక్లింగ్, 42.2 కిలోమీటర్ల పరుగు ఉంటాయి. సైకిల్ తొక్కే దూరమే కరీంనగర్ నుంచి హైదరాబాద్‌కు ఉన్న దూరాన్ని మించిపోతుంది. ఆపైన జగిత్యాల నుంచి కరీంనగర్ దరిదాపుల దాకా పరుగెత్తినంత పని మిగిలే ఉంటుంది. ఇదంతా సాధారణంగా 17 గంటల్లో ముగించాలి.

ఇంతటి పోటీలో మనిషిని పడగొట్టేది కాళ్ల నొప్పి ఒక్కటే కాదు. ఏ గంటకు ఎంత తినాలి, ఎంత తాగాలి అనే లెక్క తప్పినందుకు మేటి క్రీడాకారులు సైతం నడిదారిలో కూలబడ్డారు. వారిలో కొందరు తేరుకుని గమ్యం చేరారు. ఎలా చేరారో తెలుసుకుంటే ఎండల్లో కొండగట్టుకు కాలినడకన వెళ్లే భక్తులకు, పొలం పనులు చేసే కూలీలకు, పోలీసు కొలువుల కోసం పరుగు సాధన చేసే యువతకు కూడా ఉపయోగమే.

తొలి పోటీలోనే పొరపాటు

ఐరన్‌మ్యాన్ 1978 ఫిబ్రవరి 18న అమెరికాలోని హవాయి దీవుల్లో పురుడు పోసుకుంది. నౌకాదళ అధికారి జాన్ కాలిన్స్, ఆయన భార్య జూడీ దీనికి రూపకర్తలు. 15 మంది బరిలోకి దిగగా 12 మంది పూర్తి చేశారు. దారిలో నీరు, ఆహారం అందించే శిబిరాలు అప్పట్లో లేవు. ఎవరి వెంట వారి సహాయకులే ఉండేవారు. ముందంజలో ఉన్న జాన్ డన్‌బార్ పరుగు పెడుతుండగా ఆయన బృందం వద్ద నీరు అయిపోయింది. దాహం తీర్చేందుకు వారు బీరు అందించారు. మద్యం దాహాన్ని తీర్చినట్లే అనిపించినా నడకలో నిలకడను చెడగొడుతుంది. రక్తంలోకి చక్కెరను విడుదల చేసే కాలేయం పనికీ అడ్డుపడుతుంది. చివరకు గోర్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో విజేతగా నిలిచాడు. డన్‌బార్ పోటీని వదలలేదు. సుమారు 34 నిమిషాల తరువాత రెండో స్థానంలో గమ్యం చేరాడు.

అడుగుల దూరంలో చేజారిన గెలుపు

1982 ఫిబ్రవరి పోటీలో 23 ఏళ్ల విద్యార్థిని జూలీ మాస్ మహిళల విభాగంలో అందరికంటే ముందుంది. గమ్యం కనుచూపు మేరలోకి వచ్చేసరికి ఒంట్లో నీరు, చక్కెర నిల్వలు నిండుకున్నాయి. కాళ్లు పట్టు తప్పి పలుమార్లు పడిపోయింది. కొద్ది అడుగుల దూరంలో కూలబడి ఉండగా క్యాథ్లీన్ మెకార్ట్నీ ఆమెను దాటుకుని వెళ్లి గెలిచింది. మాస్ చేతులు, మోకాళ్లపై పాకుతూ 29 సెకన్ల తేడాతో గీత దాటింది. టెలివిజన్‌లో ప్రసారమైన ఈ దృశ్యమే ఐరన్‌మ్యాన్‌కు ఖండాంతర ఖ్యాతి తెచ్చింది.

అనుభవం ఉన్నవారికీ ఈ ముప్పు తప్పలేదు. జింబాబ్వేలో జన్మించిన పౌలా న్యూబీ ఫ్రేజర్ 1995 నాటికే ఈ టైటిల్‌ను ఏడుసార్లు గెలిచింది. ఆ ఏడాదీ ఆమెదే ఆధిక్యం. వెనుక కేరన్ స్మయర్స్ తరుముకొస్తుండటంతో నీటి శిబిరాల వద్ద ఆగకుండా సాగిపోయింది. గమ్యం మరో నాలుగైదు వందల మీటర్లు ఉందనగా శరీరం మొరాయించింది. స్మయర్స్ దాటిపోయింది. ఫ్రేజర్ బూట్లు విప్పి రోడ్డుపైనే పడుకుంది. నీళ్లు తాగి, సుమారు 20 నిమిషాలు సేదతీరి, లేచి నడుచుకుంటూ నాలుగో స్థానంలో పోటీ ముగించింది. మరుసటి ఏడాది 1996లో తిరిగి వచ్చి ఎనిమిదోసారి విజేత అయింది.

శిబిరాల వద్ద మిగుల్చుకున్నది కొన్ని సెకన్లు. చెల్లించిన మూల్యం 20 నిమిషాలు, ఒక టైటిల్. అయితే ఆమెను గమ్యం చేర్చింది మొండితనం కాదు, ఆ 20 నిమిషాల విశ్రాంతే. ఇందులోని మర్మం శరీర ధర్మంలో ఉంది.

ఒంట్లో రెండు నిల్వలు

మనం తిన్న అన్నం, రొట్టెల్లోని పిండి పదార్థం గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది. కండరాల్లో సుమారు 400 గ్రాములు, కాలేయంలో 100 గ్రాముల వరకు ఉండే ఈ నిల్వ దాదాపు 2 వేల కేలరీల శక్తినిస్తుంది. ఐరన్‌మ్యాన్ పూర్తి చేయడానికి సగటు బరువున్న పురుషునికి 8 వేలకు పైగా కేలరీలు కావాలి. కొవ్వు రూపంలో ఇంతకు ఎన్నో రెట్ల శక్తి ఉన్నా అది నెమ్మదిగా మాత్రమే అందుతుంది. గ్లైకోజెన్ చేతి ఖర్చుల సొమ్మయితే, కొవ్వు బ్యాంకులో వేసిన డిపాజిట్ వంటిది.

వేగం పెరిగేకొద్దీ శరీరం గ్లైకోజెన్‌నే ఎక్కువగా ఖర్చు చేస్తుంది. అది తరిగిపోతే కాళ్లు బరువెక్కుతాయి. రక్తంలో చక్కెర పడిపోతే కళ్లు తిరుగుతాయి, మాట తడబడుతుంది. వేగం తగ్గించి నడిస్తే కొవ్వు నుంచి వచ్చే శక్తే చాలా వరకు సరిపోతుంది. కూలబడినవారు నడకతో గమ్యం చేరడానికి కారణం ఇదే.

మింగినదంతా ఒంటబట్టదు

ఆలస్యంగా తేరుకుని ఒకేసారి ఎక్కువ తినేస్తే లోటు తీరుతుందనుకోవడం మరో పొరపాటు. గ్లూకోజు ఒక్కటే తీసుకుంటే పేగులు గంటకు సుమారు 60 గ్రాములకు మించి గ్రహించలేవు. గ్లూకోజుతో పాటు ఫ్రక్టోజు కలిసి ఉంటే సాధన చేసినవారిలో ఇది 90 గ్రాముల వరకు పెరుగుతుంది. పంచదార, బెల్లం, అరటిపండులో ఈ రెండూ ఉంటాయి. ఒక మధ్యరకం అరటిపండులో సుమారు 25 గ్రాముల పిండి పదార్థం లభిస్తుంది.

తీవ్రంగా శ్రమిస్తున్నప్పుడు రక్తం కండరాలకు, చర్మానికి మళ్లి పేగులకు తగ్గుతుంది. ఆ సమయంలో చిక్కటి తీపి పానీయం గుటగుటా తాగితే అది జీర్ణం కాకపోగా నీటిని పేగుల్లోకి లాగుతుంది. వికారం, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. ఆకలి తెలియదని సైక్లింగ్ తొలి గంటల్లో ఏమీ తినకపోవడం, ఎన్నడూ రుచి చూడని జెల్‌ను పోటీ రోజునే మొదటిసారి వాడటం కూడా తరచూ జరిగే తప్పులే. కాళ్లకు సాధన ఇచ్చినట్లే కడుపుకూ ముందుగా సాధన ఇవ్వాలి.

నీరు ఎక్కువైనా ముప్పే

నీరు తగ్గితే ప్రమాదమని అందరికీ తెలుసు. అతిగా తాగినా ప్రాణాల మీదకు వస్తుందని తెలిసినవారు తక్కువ. చెమటతో నీటితో పాటు సోడియం పోతుంది. చెమట ద్వారా పోయిన దానికంటే ఎక్కువ నీరు తాగితే రక్తంలో సోడియం పలుచబడుతుంది. తలనొప్పి, వికారం, తికమకతో మొదలై మెదడు వాపు, మూర్ఛ వరకు వెళ్తుంది.

2002లో అమెరికాలోని బోస్టన్ మారథాన్‌లో గమ్యం చేరిన 488 మంది రక్తాన్ని పరీక్షించగా 13 శాతం మందిలో సోడియం తక్కువగా ఉంది. వారిలో ముగ్గురిది విషమ స్థాయి. పరుగు మధ్యలో బరువు పెరిగినవారికే ఈ ముప్పు అధికమని 2005లో వెలువడిన పరిశోధన తేల్చింది. అదే పోటీలో ఓ యువతి ఇదే కారణంతో ప్రాణాలు కోల్పోయింది. గంటల తరబడి పరుగెత్తాక బరువు కాస్త తగ్గడం సహజం, పెరగడమే హెచ్చరిక. దాహాన్ని బట్టి కొద్దికొద్దిగా తాగడమే మేలు.

శరణార్థి శిబిరం చాటిన సూత్రం

నీరు, ఉప్పు, చక్కెర కలిసి ఉంటే పేగులు త్వరగా గ్రహిస్తాయి. గ్లూకోజు, సోడియం జంటగా పేగు గోడ దాటుతూ నీటినీ వెంట తీసుకెళ్తాయి. 1971 బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనోబిస్ ఈ సూత్రంతోనే వేలాది మందికి ఉప్పు, చక్కెర ద్రావణం తాగించారు. అక్కడ 30 శాతం వరకు ఉన్న మరణాలు 4 శాతం లోపునకు తగ్గాయి. ఆయన మరణానంతరం 2023లో కేంద్ర ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

అయితే ఓఆర్‌ఎస్‌ను ఆహారంగా భావించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు ఉంటాయి. అందులోని శక్తి 54 కేలరీలు మాత్రమే. నీరు, లవణాల లోటు తీరినా ఇంధనానికి ఆహారం వేరుగా తీసుకోవాలి. పేరు చూసి మోసపోవడమూ తగదు. ఆ సూత్రాన్ని పాటించని పానీయాలపై ఓఆర్‌ఎస్ అనే మాట వాడరాదని 2025 అక్టోబరులో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆదేశించింది. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి సాగించిన పోరాటమే దీనికి నేపథ్యం.

మన దారుల్లోనూ ఇదే లెక్క

దేశంలో 2019 అక్టోబరులో గోవాలో తొలిసారి జరిగిన ఐరన్‌మ్యాన్ 70.3లో దూరం పూర్తి పోటీలో సగమే. 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైక్లింగ్, 21.1 కిలోమీటర్ల పరుగు. సైనికుడు బిశ్వర్జీత్ సైఖోమ్ విజేతగా నిలిచాడు. సముద్రతీరపు ఉక్కపోతలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అక్కడ సగం దూరానికైనా ఆహారం, నీటి లెక్క తప్పనిసరి.

పోటీల్లో పాల్గొననివారికీ ఇది వర్తిస్తుంది. చైత్ర పౌర్ణమికి, వైశాఖ బహుళ దశమికి హనుమాన్ దీక్షాపరులు కొండగట్టుకు కాలినడకన తరలివెళ్తారు. దీక్షలో ఒంటిపూట భోజనం వల్ల నిల్వలు ముందే తక్కువగా ఉంటాయి. పైన వేసవి ఎండ. వరి కోతలు, పసుపు పనుల్లో ఉండే కూలీలదీ, ఎడారి ఎండల్లో పనిచేసే గల్ఫ్ కార్మికులదీ ఇదే స్థితి. యూఏఈలో ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఆరుబయట పనిని నిషేధించడం ఈ ముప్పును గుర్తించే. వారికి బహుమతులు ఉండవు, దారిలో వైద్య బృందాలు ఉండవు. అందుకే జాగ్రత్త మరింత అవసరం.

లెక్క తప్పితే ఇలా చేయాలి

* ముందుగా వేగం తగ్గించాలి. నీడలో కూర్చుని తల, మెడ తడుపుకోవాలి.
* ఓఆర్‌ఎస్ లేదా ఉప్పు వేసిన మజ్జిగ గుక్కెడు గుక్కెడుగా తాగాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు తలగొట్టి కలుపుకోవాలి.
* కడుపు కుదుటపడ్డాక అరటిపండు, బెల్లం ముక్క, అంబలి వంటివి కొద్దికొద్దిగా తీసుకోవాలి. 15, 20 నిమిషాల తరువాత నడకతో మొదలుపెట్టాలి.
* మాట తడబడటం, తికమక, ఆగని వాంతులు, ఒళ్లు కాలిపోవడం, తీవ్రమైన తలనొప్పి కనిపిస్తే అక్కడితో ప్రయాణం ఆపాలి. 108కి ఫోన్ చేయాలి. తికమకగా ఉన్నవారికి బలవంతంగా నీళ్లు తాగించరాదు.
* మధుమేహం, రక్తపోటు, మూత్రపిండాల వ్యాధులున్నవారు చక్కెర, ఉప్పు మోతాదుపై ముందే వైద్యులను సంప్రదించాలి.

ఫ్రేజర్ 1995లో 20 నిమిషాలు పడుకోవడానికి సిగ్గుపడలేదు. కాబట్టే 1996లో మళ్లీ గెలవగలిగింది. ఈ ఏడు ఆగినవారికి వచ్చే ఏడు కూడా దారి ఉంటుంది.