నేల విడిచిన తొలి క్షణాలే గండం
చిన్న విమానాలు లేవగానే ఎందుకు కూలుతాయి?

విజయవాడ: విమానం ఎంత ఎత్తున ఎగిరితే అంత ప్రమాదమని పల్లెల్లో చాలామంది అనుకుంటారు. నిజానికి ఎత్తే విమానానికి రక్ష. 5 వేల అడుగుల ఎత్తున ఇంజను ఆగిపోయినా చిన్న విమానం 10 కిలోమీటర్లకు పైగా జారుతూ పోగలదు. ఆ లోగా పైలట్ ఏ బీడు పొలమో, ఏ రోడ్డో చూసుకోవచ్చు. అదే ఇంజను 100 అడుగుల ఎత్తున ఆగితే 300 మీటర్లకు మించి పోలేదు. ఆలోచించుకునే వ్యవధి కూడా ఉండదు.

తెలుగువారు తమ ఇంటి ఆడపడుచులా చూసుకున్న నటి సౌందర్యను బలిగొన్నవి ఆ తొలి క్షణాలే.

జక్కూరులో జరిగింది

2004 ఏప్రిల్ 17. రాష్ట్రంలో ఎన్నికల ప్రచారం ముమ్మరంగా సాగుతున్న రోజులు. భారతీయ జనతా పార్టీ తరఫున ప్రచారం చేయడానికి సౌందర్య కరీంనగర్ బయలుదేరారు. ఉదయం 11 గంటల ప్రాంతంలో బెంగళూరు శివారు జక్కూరు విమాన స్థావరం నుంచి నలుగురు పట్టే సెస్నా 180 రకం విమానం లేచింది. అందులో సౌందర్య, ఆమె సోదరుడు అమరనాథ్, మరొక ప్రయాణికుడు, పైలట్ ఉన్నారు. విమానం సుమారు 100 అడుగుల ఎత్తుకు చేరి, పక్కకు మళ్లి, సమీపంలోని గాంధీ కృషి విజ్ఞాన కేంద్రం ఆవరణలో కూలింది. మంటలు చెలరేగాయి. నలుగురిలో ఎవరూ బతకలేదు. "అమ్మోరు", "పవిత్రబంధం", "అంతఃపురం" చిత్రాలను చూసిన ఊళ్లన్నీ ఆ సాయంత్రం కంటతడి పెట్టాయి.

సెస్నా 180 తయారీ అమెరికాలో 1953లో మొదలై 1981తో ఆగింది. ఒకే ఇంజను, ఒకే పంకా. రెండు ఇంజన్లున్న విమానంలో ఒకటి మొరాయిస్తే రెండోది ఆదుకుంటుంది. ఒంటెద్దు బండికి ఆ ఎద్దే దిక్కు. ఇలాంటి చిన్న విమానాలు లేచేటప్పుడు ముంచుకొచ్చే ముప్పుల్లో ముఖ్యమైనవి నాలుగు.

బరువు, ఎండ

మొదటిది బరువు. వరి బస్తాలు ఎక్కువ వేస్తే ట్రాక్టరు గట్టు ఎక్కలేదు. విమానం సంగతీ అంతే. బరువు 10 శాతం పెరిగితే లేవడానికి కావలసిన దూరం 20 శాతం పెరుగుతుందని వైమానిక శిక్షణలో నేర్పుతారు. మనుషులు, సామాను, పెట్రోలు అన్నీ లెక్కలోకి వస్తాయి. బరువంతా వెనక్కి చేరినా ముప్పే. ముక్కు అతిగా పైకి లేచిపోతుంది.

రెండోది ఎండ. గాలి వేడెక్కితే పలచబడుతుంది. పలచని గాలి రెక్కలకు ఆసరా ఇవ్వదు, పంకాకు పట్టు చిక్కనివ్వదు, ఇంజనుకు బలం చాలదు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 3 వేల అడుగుల ఎత్తున ఉంది. అక్కడ 34 డిగ్రీల ఎండ కాస్తే విమానానికి 6 వేల అడుగుల ఎత్తున ఉన్నట్లే లెక్క. మన గన్నవరం దాదాపు సముద్రమట్టానికే ఉన్నా, 45 డిగ్రీల ఎండ కాసే రోహిణీ కార్తెలో ఇక్కడి గాలి కూడా 3,600 అడుగుల ఎత్తున ఉన్న గాలిలా పలచబడుతుంది. అందుకే వేసవిలో చిన్న విమానాలను పొద్దున్నే లేపడం మంచిది.

పెట్రోల్లో నీళ్లు

మూడోది ఇంజను లోపం. ఆయిల్ ఇంజనులోకి నీళ్లు దిగితే అది దగ్గి ఆగిపోవడం డెల్టా రైతులకు కొత్త కాదు. విమానానికీ ఆ జబ్బు ఉంది. రాత్రి చల్లదనానికి ట్యాంకులో చెమ్మ చేరి నీరు అడుగుకు దిగుతుంది. ప్రతి ప్రయాణానికి ముందు ట్యాంకు అడుగు నుంచి కాస్త పెట్రోలు గాజు గొట్టంలోకి తీసి నీళ్లున్నాయేమో చూడాలని నిబంధన. ఆ రెండు నిమిషాల పనిని ఏ తొందరలోనూ మానకూడదు.

మలుపే మృత్యువు

నాలుగోది అన్నిటికన్నా ప్రాణాంతకమైనది. గాలిపటం తల మరీ పైకెత్తితే గాలి జారిపోయి గిరికీలు కొడుతుంది. విమానం రెక్కా అంతే. వేగం తగ్గినప్పుడు ముక్కు పైకెత్తితే రెక్క మీద గాలి పట్టు ఒక్కసారిగా తప్పుతుంది. మలుపు తిరిగేటప్పుడు ఈ ముప్పు మరింత ఎక్కువ. 60 డిగ్రీలు వంగి ఎత్తు తగ్గకుండా మలుపు తిరిగే విమానం రెక్కలు రెట్టింపు బరువు మోయాలి. పట్టు నిలవడానికి 41 శాతం ఎక్కువ వేగం కావాలి. అప్పుడే లేచిన విమానానికి అంత వేగం ఎక్కడిది? పట్టు తప్పితే సరిచేసుకోవడానికి కింద వందల అడుగుల ఖాళీ ఉండాలి. 100 అడుగులు ఏ మూలకూ చాలవు.

అందుకే పైలట్లకు మొదటి పాఠం ఇదే: లేవగానే ఇంజను ఆగితే వెనక్కి తిరగవద్దు. ఎదురుగా ఉన్నది పొలమైనా, తుప్పలైనా అక్కడే దించాలి. రెక్కలు విరగవచ్చు, మనుషులు బతుకుతారు. వెనక రన్‌వే ఉందన్న ఆశతో తిరగబోయి ప్రాణాలు పోగొట్టుకున్న పైలట్లు ప్రపంచమంతటా ఉన్నారు.

కొల్లేటి గట్టున మరో పాఠం

ఆకాశ ప్రమాదం డెల్టాకూ కొత్త కాదు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి భీమవరం నుంచి హైదరాబాద్ బయలుదేరిన బెల్ 206 హెలికాప్టర్ కైకలూరు సమీపంలోని కొవ్వాడలంక వద్ద చేపల చెరువులో కూలింది. బాలయోగి, అంగరక్షకుడు, పైలట్ మరణించారు. ముందు సరిగా కనిపించక, చెరువును గట్టి నేలగా పొరబడి దించబోయారని అప్పట్లో పేర్కొన్నారు. చెరువుల మధ్య పొడి నేల తక్కువ. అలాంటి చోట కనుచూపు మసకబారితే చిక్కే.

మన వంతు

ఈ ముప్పుల్లో చాలా వరకు పైలట్లు, యజమానులు చూసుకోవలసినవే. ఒకటి మాత్రం ఊళ్ల చేతిలో ఉంది. లేచే విమానానికి ఎదురొచ్చే పక్షి ఇంజనులో పడినా, అద్దానికి కొట్టుకున్నా అపాయమే. విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపు బహిరంగంగా పశువులను కోయడం, మాంసం, చేపల వ్యర్థాలు, చెత్త పారబోయడం 1937 నాటి విమాన నిబంధనలలోని 91వ నిబంధన కింద నిషిద్ధం. కేసరపల్లి, బుద్ధవరం, దావాజిగూడెం, నిడమానూరు గ్రామాలు ఈ పరిధిలోకే వస్తాయి. రోడ్డు పక్కన పారేసిన కోడి పేగులకు గద్దలు మూగుతాయి. ఆ గద్దలే రన్‌వే మీదుగా తిరుగుతాయి.

ఇక నీటి మీద లేచే విమానాల మాట. 2024 నవంబర్ 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్‌ను ప్రయోగాత్మకంగా నడిపారు. ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు అందులో ప్రయాణించారు. అలాంటి విమానానికి నదే రన్‌వే. దాని దారిలో పడవ వచ్చినా, వల ఉన్నా, గుర్రపుడెక్క తేలినా ముప్పే. రేపు ఈ సర్వీసులు నిత్యం నడిస్తే జాలర్లకు వేళలు ముందుగా చెప్పి, దారి కేటాయించాలి.

ఎక్కడైనా విమానం కూలితే బాధితులను కాపాడాలని పరుగెత్తడం సహజం. అయితే చిందిన పెట్రోలు దగ్గర బీడీ, అగ్గిపుల్ల వెలిగించరాదు. తెగిన కరెంటు తీగలు తాకరాదు. మనుషులను బయటకు తీశాక శకలాలను కదిలించకుండా వదిలేయాలి. ప్రమాద కారణం దర్యాప్తు అధికారులకు తెలిసేది ఆ ముక్కల వల్లనే. ఆ కారణం తెలిస్తేనే రేపు మరో విమానం క్షేమంగా లేస్తుంది.