టిక్కెట్టు మీది గంటలు, ప్రయాణపు గంటలు

ఉమ్రాకు వెళ్లే మన పెద్ద అంబర్‌పేట్ పెద్దలు టిక్కెట్టు తెచ్చి మాతో చదివించుకుంటారు. రాత్రి 10 గంటలకు బయలుదేరి 1:30కు దిగడమని ఉంటే, "మూడున్నర గంటలే కదా సార్" అంటారు. కాదు. దిగే సమయం సౌదీ గడియారం ప్రకారం రాస్తారు. అది మనకన్నా రెండున్నర గంటలు వెనక. అంటే ప్రయాణం ఆరు గంటలు.

శంషాబాద్ నుంచి జిద్దాకు ఆకాశమార్గాన సుమారు 4,100 కిలోమీటర్లు. గంటకు 850 కిలోమీటర్ల వేగంతో లెక్కేస్తే ఐదు గంటలు కూడా పట్టకూడదు. కానీ పైకెక్కడానికీ దిగడానికీ కొంత సమయం పోతుంది. పైగా చలికాలంలో ఆ ఎత్తున పడమటి గాలి ఎదురొస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది కనుక ప్రయాణం తగ్గుతుంది.

షుగరు ఉన్నవారికి ఈ లెక్క ప్రాణంతో సమానం. ఇన్సులిన్ తీసుకునేవారు అక్కడి గడియారం చూసి కాక, కిందటి మోతాదు నుంచి ఎన్ని గంటలైందో చూసుకోవాలి. ముందే డాక్టరుతో వేళలు రాయించుకోవాలి. మందు చేతిసంచిలోనే ఉంచాలి, కింది లగేజీలో గడ్డకట్టవచ్చు.

ఇహ్రామ్ సంగతీ అంతే. మీఖాత్ జిద్దాకు ముందే, గాలిలోనే దాటిపోతుంది. అందుకే చాలామంది శంషాబాద్‌లోనే ఇహ్రామ్ వస్త్రాలు కట్టుకుని విమానమెక్కుతారు.