పదునాలుగు సూదుల భయము

కుక్క కరిచినదన్న మాట చెవిని బడగానే మన యిండ్లలో పెద్దలు తలచుకొను మాట ఒకటి కలదు: బొడ్డు చుట్టూ పదునాలుగు సూదులు. వరంగల్లు పట్టణములోనేమి, నర్సంపేట, పరకాల, ములుగు ప్రాంతముల పల్లెలలోనేమి, ఈ మాట ఎఱుగని కుటుంబము అరుదు. దానితోపాటు మరియొక కథ కూడ చెప్పుకొందురు. ఎవరో సూదులన్నియు వేయించుకొనిరి, కుక్క పిచ్చి రాలేదు గాని కాళ్ళు పడిపోయినవి అని. చదువుకొన్నవారు దీనిని మూఢనమ్మకమని కొట్టివేయుట కలదు. కాని ఆ కథ కల్పితము కాదు. అట్టి ప్రమాదములు నిజముగా జరిగినవి. అవి ఎందువలన జరిగినవో, నేడు ఆ భయమునకు తావు ఎందుకు లేదో, ఆ ప్రమాదముల నుండి నాడీ వైద్యశాస్త్రము ఏమి నేర్చుకొన్నదో ఈ ప్రసంగములో మనవి చేయదలచినాము.

రేబిస్ వ్యాధి తీరు విచిత్రమైనది. కాటు ద్వారా ప్రవేశించిన వైరసు నరముల వెంట మెల్లగా ప్రాకి మెదడును చేరును. ఈ ప్రయాణమునకు సాధారణముగా కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. నీటిని చూచి బెదరుట మొదలైన లక్షణములు కనబడిన పిమ్మట రోగి బ్రదుకుట దాదాపు అసంభవము. కాని వైరసు మెదడును చేరకముందే టీకా వేసి శరీరములో నిరోధక శక్తిని పుట్టించినచో ప్రాణము దక్కును. కాటు పడిన తరువాత వేసినను పని చేయుట ఈ టీకా యొక్క విశేషము. 1885 జులై 6వ తేదీన పారిస్ నగరములో లూయీ పాశ్చర్ జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల బాలునికి మొదటిసారి ఈ చికిత్స చేసెను. ఆయన వాడినది ఎండబెట్టిన కుందేలు వెన్నుపాము.

వెన్నుపాము ఎందుకని సందేహము కలుగవచ్చును. ఈ వైరసు సమృద్ధిగా పెరుగునది నాడీ ధాతువులోనే. సీసాలలో జీవకణములను పెంచి వాటిలో వైరసును పండించు విద్య నాటికి లేదు. కనుక టీకా కావలెనన్నచో ఏదో ఒక జంతువు మెదడునో వెన్నుపామునో నూరవలసినదే. 1911లో కసౌలీలో పని చేయుచున్న డేవిడ్ సెంపుల్ అను వైద్యుడు వైరసు సోకిన మెదడును నూరి, కార్బాలిక్ ఆమ్లముతో వైరసును చంపి టీకా చేయు పద్ధతిని ప్రకటించెను. ఇది చౌక, తయారు చేయుట తేలిక. మన దేశములో దీనికి గొఱ్ఱె మెదడును వాడిరి. నీలగిరులలోని కూనూరు పాశ్చర్ సంస్థలోను, హైదరాబాదు నారాయణగూడ లోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలోను ఇట్టి టీకా తయారయ్యెడిది. మందు పరిమాణము ఎక్కువ. కాటు తీవ్రతను బట్టి 14 రోజుల వరకు దినమున కొకటి చొప్పున వేయవలెను. అందుచేతనే చర్మము వదులుగా నుండు కడుపుపై, ఒకనాటి చోటు మరునాడు తగులకుండ, చుట్టును వేసెడివారు.

లక్షలాది ప్రాణములను ఈ టీకా కాపాడినది. అయితే కొందరికి, సూదులు మొదలిడిన రెండు వారముల ప్రాంతమున, జ్వరము, తలనొప్పి వచ్చి, కాళ్ళు చచ్చుబడి, మూత్రము బంధించెడిది. కొందరు కోలుకొనిరి, కొందరు అవిటివారైరి, కొందరు మరణించిరి. ఇట్టి ప్రమాదము కొన్నిచోట్ల 200 మందిలో ఒకరికి, మరికొన్నిచోట్ల వేలమందిలో ఒకరికి సంభవించినట్లు లెక్కలు తెలుపుచున్నవి. రేబిస్ వచ్చినచో చావు తప్పదు గనుక నాటి వైద్యులు ఆ ప్రమాదమును ఎఱిగియే టీకా వేసిరి. వారు చేసినది సరియైన పనియే.

ఇందుకు కారణమేమి? టీకాలో చావక మిగిలిన వైరసే ఈ అనర్థము చేయుచున్నదని మొదట పలువురు అనుమానించిరి. న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో థామస్ రివర్స్ అను శాస్త్రజ్ఞుడు ఈ ప్రశ్నను పరీక్షకు పెట్టెను. 1933లో ఆయనయు సహచరులును వైరసు ఏ మాత్రము లేని ఆరోగ్యవంతమైన కుందేలు మెదడును నూరి కోతులకు పలుమారులు సూదిమందుగా ఇచ్చిరి. కొన్ని కోతులకు కాళ్ళు పడిపోయెను. వాటి మెదడును పరిశీలింపగా నరముల పై తొడుగు ఊడిపోయి కనబడెను. 1935లో మరల చేసిన పరీక్షలు దీనినే స్థిరపరచినవి. దోషము వైరసుది కాదు, మెదడు ధాతువుదే అని తేలినది.

మన యింటి రేడియోకు కరెంటు తెచ్చు తీగను చూచినవారికి ఈ తొడుగు సంగతి వెంటనే బోధపడును. తీగపై రబ్బరు చెడినచో ప్రవాహము దారి తప్పును. మన నరములకును మయెలిన్ అను కొవ్వు తొడుగు కలదు. అది గొఱ్ఱెకైనను మనిషికైనను ఇంచుమించు ఒకే తీరుగ నుండును. దొంగ గుడ్డ వాసన చూపి కాపలా కుక్కను ఉసికొల్పుదురు. ఆ గుడ్డతోపాటు ఇంటి యజమాని కండువాను కూడ చేర్చి చూపినచో ఏమగును? అది దొంగను పట్టును. యజమానిని కూడ కరచును. టీకాలో వైరసుతోపాటు గొఱ్ఱె మయెలిన్ కూడ ప్రవేశించుటచేత, కొందరి నిరోధక శక్తి తన యింటివాని నరములనే శత్రువుగా నెంచినది.

తరువాతి అనుభవము ఈ సంగతినే బలపరచినది. 1955లో చిలీ దేశములో అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల మెదడుతో టీకా చేసిరి. ఆ వయస్సులో మయెలిన్ ఇంకను సరిగా ఏర్పడదు. ప్రమాదములు తగ్గినవి గాని పూర్తిగా తొలగిపోలేదు. కార్బాలిక్ ఆమ్లమునకు బదులు వేరొక రసాయనముతో వైరసును చంపినచో మేలగునా యన్న ప్రశ్నకు మన పొరుగుననే సమాధానము దొరికినది. బీటా ప్రొపియోలాక్టోన్ అను రసాయనముతో చేసిన మెదడు టీకాకు కూడ ఇవే ఉపద్రవములు కలవని బెంగుళూరు నిమ్హాన్స్ నాడీ వైద్యులు హెచ్.ఎస్. స్వామి ప్రభృతులు 1984లో వివరించిరి. 1987లో థాయిలాండు పరిశోధకులు ఇట్టి రోగుల రక్తములో మయెలిన్ లోని ఒక మాంసకృత్తుపై దాడి చేయు ప్రతిరక్షకములను చూపిరి.

మెదడు లేకుండ టీకా చేయుటయే దీనికి విరుగుడు. సీసాలో పెంచిన జీవకణములలో వైరసును పండించు పద్ధతి కుదిరిన తరువాత అది సాధ్యమైనది. అట్టి టీకాను ఇరాను దేశములో పిచ్చి కుక్కలు, తోడేళ్ళు కరచిన 45 మందికి, నిరోధక సీరముతో కలిపి యిచ్చినట్లును, అందరును బ్రదికినట్లును 1976లో ప్రకటించిరి. మెదడు టీకాను మానివేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1984లో సలహా యిచ్చెను. మన దేశములో 2004 సంవత్సరాంతమున దాని తయారీ ఆగిపోయినది. హైదరాబాదు కేంద్రముగా గల ఇండియన్ ఇమ్యునొలాజికల్స్, భారత్ బయోటెక్ సంస్థలు నేడు కణముల నుండి రేబిస్ టీకాను తయారు చేయుచున్నవి. అందులో గొఱ్ఱె మెదడు లేదు. బొడ్డు చుట్టూ సూదులును లేవు.

ఆ ప్రమాదముల చదువు మాత్రము వృథా పోలేదు. రివర్స్ కోతులలో పుట్టించిన రోగమే నరముల తొడుగు చెడు మల్టిపుల్ స్క్లెరోసిస్ వ్యాధిని పరిశోధించుటకు నమూనా యయ్యెను. 1996లో అమెరికాలో అనుమతి పొందిన గ్లాటిరమర్ అను మందు ఆ మార్గములోనే లభించినది. 2004లో వచ్చిన నాటలిజుమాబ్ అట్టిదే. అయితే నిరోధక కణములు మెదడులోనికి పోకుండ ఈ మందు అడ్డుకొనగా, శరీరములో అణగియున్న ఒక వైరసు కొందరి మెదడుపై విజృంభించెను. 2005లో దానిని ఆపి, 2006లో కఠిన నిబంధనలతో మరల అనుమతించిరి. కాపలాదారుని కట్టివేసినను ముప్పే యని దీనివలన తెలిసినది.

దీనికి ఎదురు చికిత్సయు కలదు. క్యాన్సరుపై నిరోధక శక్తిని ఉసికొల్పు మందులు 2011 నుండి వాడుకలోనికి వచ్చినవి. వీటికి దారి చూపిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి లభించెను. ఈ మందులు పలువురికి ఆయుర్దాయమును పెంచినవి. కాని కొద్దిమందిలో విడువబడిన ఆ శక్తి నరములపై, కండరములపై, మెదడుపై తిరుగబడుచున్నది. ఇట్టి చికిత్స పొందుచున్నవారికి కనురెప్ప వాలుట, ఒక వస్తువు రెండుగా కనబడుట, మ్రింగుటలోగాని ఊపిరి తీయుటలోగాని కష్టము, కాళ్ళ నిస్సత్తువ కనబడినచో నీరసమని ఊరకుండక అదేరోజు వైద్యునికి చెప్పవలెను. త్వరగా గుర్తించినచో చికిత్స కలదు.

ఇక కుక్క కాటు విషయము. రేబిస్ వలన ప్రపంచములో ఏటా సుమారు 59,000 మంది మరణించుచున్నట్లు అంచనా. పాత కథకు వెఱచి ఆలస్యము చేయుట ప్రాణాంతకము. గాయమును వెంటనే సబ్బుతోను ధారగా పడు నీటితోను 15 నిమిషములు కడుగవలెను. పసుపు, కారము, సున్నము పూయరాదు. పిదప దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకో, వరంగల్లు మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి వంటి పెద్ద ఆసుపత్రికో పోవలెను. చర్మములో వేయు టీకాను మొదటి దినమున, దాని తరువాత 3వ, 7వ, 28వ దినములలో చేతులపై వేయుదురు. రక్తము వచ్చిన గాయమునకు సిద్ధముగా నున్న ప్రతిరక్షకములను కూడ గాయములోనే ఎక్కింతురు. నొప్పి తగ్గినదని నడుమ మానరాదు. దెబ్బలు తినవలసి వచ్చునని పిల్లలు కాటును దాచుదురు గనుక, వారిని కోపపడక అడుగవలెను.

పదునాలుగు సూదుల కథను ఇండ్లలో ఇకముందును చెప్పుకొందురు. చెప్పునపుడు, ఆ టీకా 2004తో పోయినదనియు, నేటి టీకా వేరనియు కూడ చెప్పవలసినదిగా శ్రోతలను కోరుచున్నాము.