గోడమీది చాటింపు

పూర్వం ఊళ్ళో ఏ కబురైనా డప్పుమీద వచ్చేది. చాటింపు వేసేవాడు వీధి మలుపులో నిలబడి నాలుగు దెబ్బలు కొట్టి గొంతెత్తితే, వాకిట్లో కళ్ళాపి చల్లే ఇల్లాలు చేతిలో చెంబుతోనే ఆగి వినేది. చదువుతో పనిలేదు, చెవి ఉంటే చాలు. ఇప్పుడు ఒకే కప్పుకింద నూరు కుటుంబాలు కాపురం చేస్తున్నాయి. డప్పుకు బదులు లిఫ్టుపక్కన నోటీసు బోర్డు వెలిసింది. చిక్కల్లా ఒక్కటే. డప్పు అందరికీ వినిపించేది; బోర్డుమీది కాగితాన్ని ఆగి చదివేవారు బహు కొద్దిమంది.

మా మహబూబ్‌నగర్‌కు ఈ కాపురం కొత్తది. 2025లో ఊరు నగరపాలక సంస్థ అయింది. దివిటిపల్లివైపు వెళితే ప్రభుత్వం కట్టించిన డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళు వరుసలు తీరి కనిపిస్తాయి. ఊళ్ళోనూ అంతస్తులమీద అంతస్తులు లేస్తున్నాయి. దేశం నలుమూలలా ఆనకట్టలూ, కాలువలూ, మేడలూ కట్టిన పాలమూరు కూలీల గడ్డ యిది. మేడ కట్టడం మనవాళ్ళకు వెన్నతో పెట్టిన విద్యే. ఆ మేడలో నూరు కుటుంబాలు ఒద్దికగా ఉండడమే ఇంకా నేర్చుకోవలసిన విద్య.

"నా ఫ్లాటు నా యిష్టం" అనేవారు లేకపోలేదు. కాని 1987 నాటి అపార్టుమెంట్ల చట్టం ప్రకారం మెట్లు, మిద్దె, నీళ్ళ ట్యాంకు, లిఫ్టు అందరి ఉమ్మడి సొత్తు. ఎవరి భాగం ఎక్కడో గీత గీసి చూపడానికి వీల్లేదు. 2016 నాటి రెరా చట్టం, ఇల్లు కొన్నవారు సంఘం ఏర్పాటులో పాలుపంచుకోవాలని కూడా చెప్పింది. ఉమ్మడి సొత్తు ఉన్నచోట ఉమ్మడి మాట ఉండాలి గదా! ఆ మాటే నోటీసు.

మా సముదాయంలో నోటీసులు రాసే పని కొన్నాళ్ళుగా నాది. ఆజ్ఞాపించే నోటీసును జనం పట్టించుకోరనీ, కారణం చెప్పే నోటీసును కాదనలేరనీ అనుభవంమీద తెలిసింది. "నీరు వృథా చేయరాదు" అంటే ఎవరికీ పట్టదు. లెక్క చెప్పి చూడండి. సెకనుకొక బొట్టు కారే కుళాయి రోజుకు 86,400 బొట్లు పారబోస్తుంది. ఇరవై బొట్లు ఒక మిల్లీలీటరు అనుకున్నా నాలుగు లీటర్లు దాటింది. నూరిళ్ళలో ఒక్కొక్క కుళాయి కారితే రోజుకు సుమారు 430 లీటర్లు! ఎండాకాలంలో బిందెడు నీటి విలువ తెలిసిన ఊళ్ళో ఈ లెక్క చదివి వాషరు మార్చని గృహస్థు ఉండడు.

దోమల సంగతీ అంతే. "పరిశుభ్రత పాటించండి" అంటే తమది శుభ్రమైన ఇల్లేనని ప్రతివారూ అనుకుంటారు. డెంగీ దోమ మురుగులో గాక నిలవ ఉన్న మంచినీటిలోనే గుడ్లు పెడుతుంది, పగటివేళ కుడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం పదిరోజులు పడుతుంది. కనుక వారానికొకసారి కూలర్లో నీళ్ళు, పూలకుండీల కింది పళ్ళేలు ఒంపేస్తే దాని వంశం అక్కడే తెగిపోతుంది. 2020లో తెలంగాణ పురపాలక శాఖ "ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు" అని పిలుపునిచ్చింది యిందుకే. ఆ పది నిమిషాల వెనక ఉన్న కారణం ఒక్క వాక్యంలో రాయండి. పిల్లలే పెద్దవాళ్ళను లేవదీస్తారు.

కొన్ని నోటీసులు మాత్రం కాలంతో పనిలేకుండా ఎప్పుడూ గోడమీద ఉండవలసినవే. వాటిలో మొదటిది వంటగ్యాసు. గ్యాసు గాలికంటె బరువైనది, నేలబారున పరుచుకుంటుంది. వాసన వస్తే రెగ్యులేటరు కట్టేయాలి, తలుపులు, కిటికీలు బార్లా తెరవాలి. కరెంటు స్విచ్చి వేయనూ వద్దు, తీయనూ వద్దు. చిన్న నిప్పురవ్వ చాలు. బయటికి వచ్చి 1906కు ఫోను చేయాలి. రెండవది లిఫ్టు. నిప్పంటుకున్నప్పుడు మెట్లే దిక్కు. కరెంటు పోయి లిఫ్టు మధ్యలో ఆగితే తలుపులు పెకలించరాదు. గంట నొక్కి నిదానంగా ఉండాలి. లోపలికి గాలి ఆడుతూనే ఉంటుంది.

ఇక భాష. ట్యాంకు కడిగే రోజున మోటారు మీట చూసేది వాచ్‌మన్ భార్య. అందుకని నోటీసు అంటించేముందు ఆమెకు చదివి వినిపిస్తాను. ఒకమారు, "జలాశయ శుద్ధి కారణంగా నీటి సరఫరాకు అంతరాయం కలుగును" అని అధ్యక్షులవారు ముచ్చటపడి రాసిచ్చారు. ఆమె విని నవ్వింది.

"గంత పెద్దమాట లెందుకు సారూ? రేపు పొద్దుగాల తొమ్మిదింటి సంది నల్లా రాదు, రాత్రే పట్టి పెట్టుకోండ్రి అని రాస్తె అయిపాయె గద!"

ఆ మాటే రాశాను. మర్నాడు ఏ ఇంటినుంచీ నీళ్ళకోసం ఫోను రాలేదు. ఏమిటి, ఎప్పుడు, ఏం చేయాలి - మూడూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. ఉర్దూ చదివే ఇళ్ళు మా దగ్గర చాలా ఉన్నాయి గనుక దానికింద ఆ భాషలోనూ రెండు ముక్కలు రాయించాం. చదువురాని వారికి వాచ్‌మన్ నోటితో చెప్పి వస్తాడు.

సముదాయాల్లో ఉండే సోదరసోదరీమణులకు చివరిగా ఒక మనవి. ప్రతి కాగితంమీదా తేదీ వేయండి. పని తీరగానే తీసివేయండి. నిరుటి ఉగాది చందా కాగితం ఇంకా వేలాడే బోర్డుమీద, రేపటి గ్యాసు హెచ్చరిక ఎవరి కంటా పడదు.