మూడు అయిదుల పుస్తకం

పూర్వం సింగపూరులో కిరాణా దుకాణాలలో అరచేతిలో ఇమిడే ఒక చిన్న పుస్తకం కనిపించేది. దాని అట్టమీద 555 అనే అంకె ఉండేది. మలయ్ భాషలో దానిని ‘తిగ లీమ’ పుస్తకం అనేవారు. తిగ అంటే మూడు, లీమ అంటే అయిదు. ఇంటివారు బియ్యం, నూనె, చక్కెర అరువు తీసుకొంటే ఆ పద్దు అందులో వ్రాసేవారు. జీతం అందిన రోజున బాకీ తీర్చేవారు. మరునాడు మళ్లీ కొత్త పద్దు!

ఇంటి ఖర్చుల లెక్కలు ప్రభుత్వానికి కూడా కావాలి. అందుకే సింగపూరు గణాంకశాఖ 1972-73 నుండి సుమారు అయిదేళ్లకొకసారి సర్వే చేస్తున్నది. ఎంపికయిన కుటుంబాలవారు రెండు వారాలపాటు తమ ఖర్చులు వ్రాసి ఇస్తారు. 1970 ప్రాంతంలో ఇంటి ఖర్చులో దాదాపు సగం తిండికే పోయేది. 2017-18 నాటికి అది సుమారు నాలుగో వంతు అయింది.

మరి, జనం తినడం తగ్గించారా? లేదు. ఒక ఇంట్లో నెలకు 200 డాలర్లు ఖర్చవుతూ, తిండికి 100 అయితే అది సగం. ఆదాయం పెరిగి ఆ ఇంటి ఖర్చు 800 అయిందనుకోండి. అప్పుడు తిండికి 200 పెట్టినా నాలుగో వంతే! సొమ్ము రెట్టింపయింది, వంతు సగమయింది. ఆదాయం పెరిగినకొద్దీ తిండికి పోయే వంతు తగ్గుతుందని 1857లోనే ఎర్నెస్ట్ ఎంగెల్ అనే జర్మన్ పండితుడు చెప్పాడు.

మిగిలిన డబ్బు ఇంటికీ, ప్రయాణాలకూ, చదువులకూ, టెలిఫోనుకూ పోతున్నది. తిండి ఖర్చు తీరు కూడా మారింది. 2017-18లో అందులో మూడింట రెండు వంతులు బయట తిన్న భోజనానికే! మీ అమ్మమ్మ పిండి రుబ్బిన రోలు సంగతి ఆమెనే అడగండి. వంటింటి శ్రమ తగ్గింది కాని, ఆ శ్రమకు ఇప్పుడు మనం డబ్బు చెల్లిస్తున్నాము.

అయితే అన్ని ఇళ్లూ ఒకే విధంగా మారలేదు. ఆదాయం తక్కువగా ఉన్న ఇంట్లో తిండి వంతు నేటికీ ఎక్కువే. బియ్యం ధర కొంచెం పెరిగితే ఒక ఇంట్లో ఎవరూ గమనించరు. పక్క ఇంట్లో మాత్రం పిల్లవాడికి కొనవలసిన బూట్లు వచ్చే నెలకు వాయిదా పడతాయి.