వార్తల్లో పదం: ప్రాసెస్ సర్వర్

అమెరికాలో వ్యాజ్యము దాఖలైన పిమ్మట, సమనును దావాపత్రముతో గూడ ప్రతివాదికి ముట్టజెప్పి, ఎవరికి, ఎప్పుడు, ఎచ్చట అందజేసెనో ప్రమాణపూర్వకముగా వ్రాసి న్యాయస్థానమునకు సమర్పించుటయే వృత్తిగా గలవాడు ప్రాసెస్ సర్వర్. ఫెడరల్ సివిల్ నిబంధనావళిలోని 4వ నిబంధన ననుసరించి, 18 ఏండ్లు నిండి, కక్షిదారు కాని యెవ్వరైనను ఈ పని చేయవచ్చును. అయినను సాధారణముగా 90 దినములలో అది ముగియవలెను గనుక, పెక్కురు వాదులు రుసుమిచ్చి నిపుణులను నియోగింతురు. ప్రతివాది ఇంట లేనిచో, అచ్చటనే నివసించు తగిన వయోవివేకములు గలవారి చేతికిచ్చినను చెల్లును. మన దేశమున ఈ బాధ్యత ప్రధానముగా కోర్టు ఉద్యోగులది. కాగితము చేరకయే చేరినదని బొంకినచో, విషయమెరుగని ప్రతివాదిపై ఏకపక్షపు డిక్రీ వెలువడి అతని జీతము జప్తు కావచ్చును. తనపై వచ్చిన వ్యాజ్యమేమో తెలిసికొని సమాధానము చెప్పుకొనుట ప్రతి మనుజుని హక్కు గనుక, ఈ వృత్తికి సత్యసంధతయే ప్రథమార్హత.